చిన్నప్ప బూట్లు విప్పిన చోట్లు

మనిషి చెప్పులు ఎక్కడ విడవాలన్న మహావిషయం మీద చరిత్రకారులు ఇంతవరకు ఒక్క గ్రంథమైనా రాయలేదు. ఇది క్షమించరాని లోపం. రాజ్యాలెందుకు కూలాయో విడమరిచి చెప్పిన పండితులు మాచర్ల దగ్గరి రేగడిపాడుకు వచ్చి చూడవలసింది. అక్కడ 1947 జూన్‌కూ ఆగస్టుకూ మధ్య రెండు పక్కటెముకలు, ఒక ముంజేయి, ఒక దవడ విరిగాయి. అన్నీ ఈ ఒక్క ప్రశ్న మీదే విరిగాయి.

ఆ ఊరి పెద్దబజారులో మోతుబరి బ్రహ్మయ్య ఇల్లుంది. ఊరి తూర్పున, ఊరికి ఎడంగా ఉన్న పల్లెలో ఉండే క్రైస్తవులు ఆ ఇంటి ముందుకు రాగానే చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. ఎవరు పెట్టారో తెలియని ఆచారం గనక దాన్ని ఎత్తేసేవాడూ లేడు. పల్లెవాడైన చిన్నప్ప కూడా ఇరవై రెండేళ్ళు అలాగే నడిచాడు. తర్వాత పటాలంలో చేరి, ఆసుపత్రి దళంలో కట్లు కట్టడం నేర్చి, ఓడిపోయిన జపానుకు కాపలా వెళ్ళిన దండుతో వెళ్ళి, ఏడాది పైన అక్కడుండి తిరిగొచ్చాడు. కాళ్ళకు సర్కారువారి నల్లబూట్లు, మడమలకు ఇనుప నాడాలు. చర్చికి పెద్దబజారే దారి. మొదటి ఆదివారమే టకటకమంటూ బయలుదేరాడు.

"ఏందిరా చిన్నప్పా, కాళ్ళకేంది?" అని అరుగు మీంచి అడిగాడు బ్రహ్మయ్య.

"బూట్లండీ."

"అది కనపడతానే ఉందిలే. చేతుల్లో ఉండాల్సినయ్ కాళ్ళకెందుకొచ్చినయ్యంట?"

"చర్చి గుమ్మం కాడ ఇప్పుతానండీ. బజారుకి గుమ్మం లేదు గదా."

బ్రహ్మయ్య వాదానికి దిగలేదు. ఆయన తరఫున వాదించడానికి జీతగాడు జక్కయ్య ఉన్నాడు. జక్కయ్య దుడ్డుకర్రతో రెండే మాటలు చెప్పాడు, ఒక్కో మాటకు ఒక్కో పక్కటెముక. బూట్లు ముళ్ళకంపలో పడ్డాయి. చిన్నప్ప నోట్లోంచి నెత్తురు ఉమ్ముకుంటూ వాటిని వెతుక్కుని, ఆచారం ప్రకారం కాకపోయినా, చేతిలోనే పట్టుకుని ఇల్లు చేరాడు.

భార్య కరుణమ్మ పాత చీర చింపి కట్టు కట్టింది. ఎప్పుడు బిగించాలో అతనే చెప్పాడు. నొప్పి మరచిపోవడానికి అప్పుడు మొదలుపెట్టాడు తన జపాను యాత్ర. అక్కడి దొరలు అతనికి పదిరోజుల సెలవిచ్చి రైలెక్కించారట.

"మొదటి ఊరు హిరోషిమా. టేషనుంది, ఊరు లేదు. నీళ్ళ కొళాయిలు మాత్రం నేల మీద నిలబడున్నయ్, ఇళ్ళు లేకుండా."

"ఎవరు కొట్టారంట?"

"పైనుంచి."

"ఈడ అరుగు మీంచి," అంది కరుణమ్మ, ముడి బిగిస్తూ.

మూడు వారాలకు పక్కటెముకలు అతికాయి. మళ్ళీ ఆదివారం, మళ్ళీ బూట్లు. ఈసారి ముంజేయి విరిగింది. విరిగిన చప్పుడు బావి దగ్గరి ఆడవాళ్ళకు వినపడింది. కట్టు కట్టేటప్పుడు యాత్ర టోక్యో దాకా సాగింది. దారిలో మంచు కొండ కనిపించిందట, ఎత్తిపోతల జలపాతం నీళ్ళు పడుతూ పడుతూ గడ్డకట్టి నిలబడ్డట్టు. పచ్చి చేపల పక్కన ఆకుపచ్చ ముద్ద పెడితే గోంగూర పచ్చడనుకుని మొత్తం నోట్లో వేసుకున్నాడట.

"కారం ముక్కులోంచి మెదడులోకి పోయిందే. పల్నాడోణ్ణి, ఏడిస్తే పరువు పోతదని నవ్వుతా ఏడిచినా."

"ఇప్పుడూ అదే పని చేస్తన్నావు. ఏమయ్యా, ఆ బూట్లు అమ్మేయరాదా? సంపుతారయ్యా నిన్ను."

 చిన్నప్ప జవాబుగా చివరి ఊరు నారా సంగతి చెప్పాడు. సిపాయిల బసకోసం తీసుకున్న సత్రం ఒకటి ఉందక్కడ. దూరం నుంచే పెద్దింటిలా కనిపించింది. చిన్నప్పకు చెప్పేవాళ్ళెవరూ లేరు, కాళ్ళే చెప్పాయి. వీధి మొదట్లోనే బూట్లు విప్పి, చేత పట్టుకుని, మంచులో వట్టి కాళ్ళతో నడిచాడు. సత్రం ముసలమ్మ చూసి లబలబలాడుతూ పరుగెత్తుకొచ్చింది. బూట్లు లాక్కుని, మంచులో కూర్చుని, అతని కాళ్ళు తుడిచి, తనే తొడిగింది. గుమ్మం దాకా నడిపించి అక్కడ విప్పమంది. వెనకొచ్చిన తెల్ల మేజరుచేత కూడా అక్కడే విప్పించింది. రెండు జతలూ పక్కపక్కన పెట్టింది.

"పక్కపక్కన?"

"నావే ముందు."

కరుణమ్మ ఆ తర్వాత బూట్లు అమ్మమనలేదు. వాటికి నూనె రాసి పెట్టింది.

చేయి అతికాక అతను మూడోసారి బయలుదేరిన ఆదివారం, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మూడో రోజు. జక్కయ్య కర్ర ఎత్తాడు. చిన్నప్ప వంగి ఒక బూటు విప్పి చేత పట్టుకున్నాడు. బ్రహ్మయ్య తృప్తిగా అరుగు స్తంభానికి వాలాడు. మరుక్షణం ఇనుప నాడా జక్కయ్య దవడ మీద దిగింది. రెండు పళ్ళు దుమ్ములో పడ్డాయి; దవడ పక్కకు జారి వేలాడింది. కొడవళ్ళతో బ్రహ్మయ్య మనుషులు నలుగురు దూకారు. కానీ అప్పటికే చిన్నప్ప అరుగు మీది బ్రహ్మయ్య భుజం మీంచి కండువా లాగి, కింద కూర్చుని, ఆ దవడను స్థానంలో పెట్టి కట్టు వేస్తున్నాడు. జక్కయ్య అతని మణికట్టు గట్టిగా పట్టుకుని వదల్లేదు. చిన్నప్పను నరికితే జక్కయ్య దవడ ఊడుతుంది. కొడవళ్ళు గాలిలోనే ఆలోచనలో పడ్డాయి.

"రోజూ కట్టు మార్చాలండీ, నెల్లాళ్ళు," అన్నాడు చిన్నప్ప.

నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసవుతుంది. కేసయితే పక్కటెముకలూ సాక్ష్యానికొస్తాయి. జక్కయ్య లేకపోతే బ్రహ్మయ్య మాట నాలుగిళ్ళ అవతల వినపడదు. జక్కయ్య ఇల్లేమో బ్రహ్మయ్య దొడ్డికి ఆనుకునే ఉంది; అక్కడికి రావాలన్నా పెద్దబజారే దారి.

"రారా," అన్నాడు బ్రహ్మయ్య, పళ్ళ మధ్య నుంచి.

"బూట్లతో వస్తానండీ. గుమ్మం కాడ ఇప్పుతా."

బ్రహ్మయ్య జక్కయ్యను చూశాడు. జక్కయ్య కట్టు లోంచి "ఊఁ" అన్నాడు, యజమాని కంటే ముందే.

"ఏడువు. అట్టాగే రా."

మర్నాడు పొద్దున చిన్నప్ప బూట్లు తొడుక్కున్నాడు. పల్లె పల్లెంతా చూడడానికి కదిలింది. తెల్లవారుజామున పట్టిన వాన అప్పుడే తెరిపిచ్చింది. పెద్దబజారులో మూడో అడుగుకు కుడి బూటు నల్లరేగడిలో చీలమండ దాకా దిగింది. నాలుగో అడుగుకు కాలు వచ్చింది, బూటు రాలేదు. చిన్నప్ప దాన్ని పెరికి, రెండోదీ విప్పి, రెండూ చేత పట్టుకుని నడిచాడు. పొలం నుంచి బ్రహ్మయ్య ఎదురొచ్చాడు. ఆయన చెప్పులూ చేతిలోనే ఉన్నాయి.