ఏడవని పిల్లాడు

బట్టలు కుట్టే ఫ్యాక్టరీ వెనక స్టోరు గదిని ఖాళీ చేయించి పిల్లల గది పెట్టారు. పనికొచ్చే తల్లులు పొద్దున్నే పసివాళ్ళని అక్కడ వదిలి మిషన్ల దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. అక్కడి ఆయాకు పిల్లలంటే ప్రాణం. అయితే ప్రాణం ఒక్కటే, పిల్లలు గదినిండా ఉన్నారు. "వాళ్ళు చేసేది నిద్రేగా" అని రెండో ఆయాని పై ఆఫీసు ఎప్పుడో తీసేసింది. ఆ దొరగార్లు కడుపులోనే మాటలు నేర్చుకుని పుట్టారు కాబోలు!

అప్పట్నుంచి ఆయాది ఒకటే పద్ధతి. ఏడ్చినవాణ్ణి ఎత్తుకోవడం, ఏడవనివాణ్ణి మెచ్చుకోవడం. కాలర్లు కుట్టే అమ్మాయి కొడుకు అసలు ఏడ్చేవాడే కాదు. ఊయల్లో వేస్తే గోడకేసి చూస్తూ వేళ్ళు చప్పరించుకునేవాడు. "మా పెద్దమనిషి" అని ఆయాయే ముద్దుపేరు పెట్టింది. అది విని వాళ్ళమ్మ మురిసిపోయేది.

మూడో ఏడు దగ్గరపడినా పెద్దమనిషికి "అమ్మా" అనడం రాలేదు. చెవులు బాగానే ఉన్నాయనీ, రోజూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని మాట్లాడాలనీ, ఆడించాలనీ, ఇప్పటికే ఆలస్యం చేశారనీ డాక్టరు చెప్పాడు.

"నేను ఇల్లు చేరి వంట చేసేసరికి వాడు నిద్రపోతాడక్కా. పగలంతా నీ దగ్గరేగా! నువ్వు మాట్లాడేదానివి కాదా?" అంది తల్లి. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండునని ఆయాకు అనిపించింది.

ఆయా, తనిఖీకి వచ్చిన అధికారి కాళ్ళావేళ్ళా పడింది.

"ఇంకో మనిషిని వెయ్యండి సార్. ఒకళ్ళని ఊరుకోబెట్టేసరికి ఇంకొకళ్ళు అందుకుంటారు. వీళ్ళతో మాట్లాడే తీరికేదీ?"

ఆయన పిల్లల్ని తూకం వేయించాడు. "అందరూ మంచి బరువున్నారు. ఇంకేం కావాలమ్మా? మాటలు రాలేదంటే దేంతో తూచి పైవాళ్ళకి చూపించను?" పెద్దమనిషి బుగ్గ గిల్లాడు. "వీణ్ణి చూడు, చడీచప్పుడూ లేదు. అందరూ ఇలా ఉంటే నీకెంత సుఖం!"

ఆయాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుందేమోనని దణ్ణం పెట్టి సాగనంపింది.

ఆయన వెళ్ళగానే పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "ఇదిగో ముక్కు. ముక్కు అను కన్నా, ఏదీ!" వాడు ఆవిడ వేలు గట్టిగా పట్టుకుని, నోటికేసే కళ్ళప్పగించి చూశాడు. వాడి పెదాలు కదిలాయి. ఆవిడ ఊపిరి బిగబట్టింది.

అవతల ఊయల్లో ఎవరో కెవ్వుమన్నారు.

ఆవిడ ఇంకా కదలనైనా లేదు. వాడే వేలు వదిలేశాడు. ఒళ్ళోంచి జారి, ఎప్పటిలా గోడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.