మొదటి చెంచా దేవుడికి

రామాంజినప్ప లెక్కలో కొత్తగా ఏది చేతికొచ్చినా అందులో మొదటి పిడికిలి దేవుడిది. ఆంధ్ర సరిహద్దున, కర్ణాటకలోని మిట్టేమరిలో ఆయనకు మూడెకరాల మెట్టచేను ఉంది. వేరుశనగ వచ్చిన రోజు మొదటి పిడికెడు కాయల్లో సగం కళ్ళంలోనే ఒక రాయి పక్కన పెట్టి, మిగతా సగం ఇంటికి తెచ్చి దేవుడి గూట్లో పెట్టేవాడు. "పండినకాడా పెట్టాల, ఇంట్లోనూ పెట్టాలమ్మా. ఒక తావే పెడితే రెండో దేవుడు అలుగుతాడు" అని నాతో ఒకసారి అన్నాడు. ఆ మాటకు నేను పగలబడి నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

వానలు వరసగా ముఖం చాటేశాక ఆయన బాగేపల్లి దగ్గర, హైవే పక్కన, మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో చేరాడు. అదే ఫ్యాక్టరీ ల్యాబులో నేను పనిచేస్తాను. పేరు భాను, ఊరు చింతామణి, నోరు కొంచెం ఎక్కువ. రామాంజినప్ప పని డ్రైయర్ దగ్గర. రాత్రి తడిముద్ద లోపలికి పోతే పొద్దునకు పసుపులాంటి పొడి బయటికొస్తుంది. డ్రైయర్ గోడ మీద అరచెయ్యి పెట్టి లోపల ఎన్ని డిగ్రీలుందో చెప్పేవాడు. మీటరు చూస్తే మహా అయితే రెండు డిగ్రీలు తేడా. తొమ్మిదేళ్ళలో ఒక్క బ్యాచి కూడా మాడనివ్వలేదు.

ఆ షెడ్డులో గోడకు గడిదం వెంకటరమణస్వామి పటం ఉంది. లోపల మంట పనికిరాదు కాబట్టి దీపం బదులు చిన్న ఎర్ర బల్బు పెట్టించారు. ప్రతి బ్యాచిలో మొదటి చెంచా పొడి ఆ పటం ముందుకు పోవాల్సిందే. మొదట్లో ప్లాస్టిక్ డబ్బాలో వేసేవాడు. దేవుడికి ప్లాస్టిక్ ఏమిటని మనసు ఒప్పుకోక, సంతలో రాగి చెంబు కొని తెచ్చాడు.

"స్వామిని మాత్రలు చేసుకోమంటున్నావా రామాంజినప్పా?" అని ఏడిపించేదాన్ని.

"ఆయప్పకు మాత్రలెందుకమ్మా? మిషను చల్లంగా ఉండాల, మనమంతా చల్లంగా ఉండాల" అనేవాడు.

నా పని కూడా చెప్పాలి. ఏ పొడి ఎంత వేడికి తిరగబడుతుందో ముందే కనిపెట్టడం. ఆవగింజలో సగమంత పొడిని బుల్లి గిన్నెలో పెట్టి మూత బిగిస్తాను. పక్కన అలాంటిదే ఖాళీ గిన్నె. రెండింటినీ ఒకే పొయ్యిలో నిదానంగా వేడి చేస్తుంటే కంప్యూటర్‌లో గీత పాకుతుంటుంది. పొడి తనంతట తాను వేడి పుట్టించడం మొదలుపెడితే గీత పైకి లేస్తుంది. ఎంత నిటారుగా లేస్తే అంత భయపడాలి. మా పసుపు పొడికి రెండొందల డిగ్రీలు దాటితే గానీ గీత కదలదు. డ్రైయర్ నడిచేది అరవైలో. అందుకే అందరం నిబ్బరంగా ఉన్నాం.

పోయిన వేసవిలో ఒక శుక్రవారం, సాయంత్రం ఐదు దాటాక ఆ షెడ్డుకు వెళ్ళాను. పటానికి చేమంతులు పెట్టి ఉన్నాయి. చెంబు దాదాపు నిండింది. పొడి రాగికి తగిలిన అంచు వెంబడి ఆకుపచ్చగా ఒక చార కనిపించింది. చిలుము అనుకున్నాను. అయినా మనసు ఒప్పుకోలేదు. చెంబును కదిలించకుండా ప్లాస్టిక్ పుల్లతో కొనగోరంత తీసుకుని ల్యాబుకు వచ్చాను.

గీత ఎనభై డిగ్రీల దగ్గరే లేచింది. లేవడం కాదు, నిలువునా పోయింది. పొయ్యిలో టప్పుమని చప్పుడైంది. తెరిచి చూస్తే బుల్లి గిన్నె మూత లేచిపోయి ఉంది. ఆవగింజలో సగం చేసిన పని అది. చెంబులో ఉన్నది ముప్పావు కిలో.

ఈ పొడికి రాగి తగలనీయకూడదని, తగిలితే పేలే సరుకుగా మారుతుందని మా కాగితాల్లో రాసి ఉంది, ఇంగ్లీషులో, మూడో పేజీలో. ఏటేటా తరబేతి, శిక్షణ అని కూర్చోబెట్టి ఆ కాగితం కింద రామాంజినప్ప సంతకం తీసుకున్నారు. తెలుగులో గానీ కన్నడలో గానీ ఆయనకు ఎవరూ చదివి చెప్పలేదు. చెప్పనివాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ చెంబును ఇన్నాళ్ళూ చూసి నవ్వింది కూడా నేనే. నామీద నాకు ఇంకా మంటగానే ఉంది.

పరుగెత్తాను. డ్రైయర్ ఆపించి, షెడ్డు ఖాళీ చేయించి, చెంబు జోలికి ఎవరూ పోకూడదని అరిచాను. అందరూ గేటు బయటికి వచ్చారు. ఇలాంటివి జాగ్రత్తగా తీసేయడం తెలిసినవాళ్ళు బెంగళూరు నుంచి బయల్దేరారని మేనేజరు చెప్పాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడే రామాంజినప్పకు జరిగింది విడమరిచి చెప్పాను. ఆయన అరుస్తాడేమో, స్వామికి అపచారం అంటాడేమో అనుకున్నాను. చెమట పట్టిన మొహంతో నా చెయ్యి పట్టుకున్నాడు.

"భానమ్మా, ఇంట్లో ఇంకోటి ఉండాది."

"ఇంకోటంటే?"

"రాగి చెంబే. మొదటి చెంచాలో సగమే ఈడ పెట్టేది. సగం పొట్లం కట్టుకోని పోతాండా. ఎవురికీ చెప్పలే, దొంగతనమంటారని."

"దాని ముందు ఏముంది? బల్బేనా?"

"ఇంట్లో బల్బేందమ్మా. నూనె దీపం. చెంబుకు ఆనించి పెడతాది యశోద."

టైము ఆరున్నర. యశోదమ్మ ఆయన భార్య. శుక్రవారం పొద్దుగుంకే వేళకు దీపం పెట్టకుండా ఆమె మంచినీళ్ళు కూడా తాగదు.

లోపలికి పోయేముందు గేటు దగ్గర అప్పగించిన తన ఫోను తీసి నా చేతికిచ్చాడు. నేనే నొక్కి స్పీకర్ పెట్టాను. నాలుగోసారి మోగాక ఎత్తింది.

"ఏమి? ఇప్పుడే దీపం పెట్టినా" అంది.

రామాంజినప్ప నోరు తెరిచాడు. "దీపం" వరకే అన్నాడు. మా ఇళ్ళల్లో చావు కబురు వస్తే తప్ప వెలిగే దీపాన్ని ఆర్పమని ఎవరూ అనరు. నూనె అయిపోయి ఆరిపోయినా కొండెక్కిందనే అంటారు. అరవై ఏళ్ళ మనిషి, ఆ మాట ఎప్పుడూ పలికి ఉండడు.

"చెప్పు రామాంజినప్పా" అన్నాను.

"దీపం ఆర్పేయ్" అన్నాడు. "నోటితో ఊదేయ్. చెంబు మాత్రం తాకొద్దు. ఊదేసి బయటికొచ్చేయ్."

యశోదమ్మ గొంతు బాగా సన్నగా వచ్చింది.

"ఎవురు పోయినారు?"

"ఇంకా ఎవురూ పోలే" అన్నాడు రామాంజినప్ప. "ఊదు."