పెట్రోలులో నీళ్ళు

నాలో ఒక మాట శానా ఏండ్లుగా ఉండిపోయింది. పెండ్లిండ్లలో నలుగురితో నవ్వుతున్నప్పుడూ ఉండింది. బిడ్డను కన్నప్పుడూ ఉండింది. మా ఇంటాయన పోయిన దినం వాకిట్లో కూర్చుని నేను ఏడ్చింది ఆయన కోసమా, ఆయనకు చెప్పకుండా మిగిలిపోయిన ఆ మాట కోసమా అని ఇప్పటికీ తేల్చుకోలేను. నువ్వెవరో నాకు తెలీదు. అదే మేలు. తెలిసినోళ్ళ మొగం చూస్తే నా నోరు మళ్ళీ మూసుకుపోతుంది.

మా ఇంటాయనకు మోటారు సైకిలు ఉండేది. అక్కడ మొదలుపెడతాను.

యాభైల మొదటి ఏండ్లు అవి. కడప నుంచి కర్నూలు పోయే దోవకు ఒకపక్కగా మా ఊరు. అప్పటికి ఆ చుట్టుపక్కల అదొక్కటే బండి. యుద్ధం అయిపోయినాక మిలిటరీవాళ్ళు వేలం వేసినదాన్ని మద్రాసు పోయి తెచ్చుకున్నాడంట. ఊర్లో దాన్ని ఫట్‌ఫటి అనేవాళ్ళు. ఎద్దులు తెమ్మంటే ఇనుప దున్నను తెచ్చినాడని మా మామ నాతో కూడా చెప్పి బాధపడినాడు. నేను కొత్త కోడలిని. తల వంచుకుని విన్నాను. కానీ ఆ దున్న వాకిట్లో నిలబడి ఉంటే చూడకుండా ఉండలేకపోయేదాన్ని. వేడి చల్లారేటప్పుడు అది టిక్కు టిక్కుమని సన్నగా సప్పుడు చేసేది. నాతోనే ఏదో చెప్తున్నట్టు అనిపించేది.

పెండ్లయిన కొత్తలో ఇద్దరం దాని మీద మహానందికి పోయినాము. వెనక ఒకపక్కకు కూర్చుని, ఒక చేత్తో ఆయన చొక్కా, ఇంకో చేత్తో నా కొంగు పట్టుకున్నాను. మైదుకూరు దాటినాక కొంగు వదిలేసినాను. ఎవరు చూస్తారు? కుడిపక్క నల్లమల నీలంగా మాతోబాటే వస్తా ఉండింది. జొన్నచేలు, నల్లరేగడి, గొర్రెలు తోలుకుంటా ఆగి మమ్మల్ని చూసే ముసలాయన, అన్నీ ఒక్క క్షణం దగ్గరికి వచ్చి, వెనక్కి జారిపోతా ఉండినాయి. ఆ దినం నాకు బరువు లేదు. మనిషికి బరువు ఉంటుందనే మర్చిపోయినాను. గుడి కోనేట్లో దిగితే అడుగున గులకరాళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. ఆ చల్లటి నీళ్ళల్లో నిలబడినా నా ఒళ్ళు ఇంకా బండి మీద ఉన్నట్టే సన్నగా అదురుతా ఉండింది.

ఆ ఏండ్లల్లో మాకు వానలు లేవు. మా ఊరి చెరువు పూర్తిగా ఎండిపోయింది. పశువులు, ఎద్దుల బండ్లు తిరిగి తిరిగి దాని అడుగు పలక మాదిరి గట్టిపడింది. ఊరంతా ఏడ్చే చోట మేము ఆడుకున్నాము. ఇది కూడా ఒప్పుకోవాల్సిందే.

అక్కడే ఆయన నాకు బండి నేర్పినాడు. తెల్లారక ముందే, ఆడోళ్ళు నీళ్ళకు బయలుదేరక ముందే పోయేవాళ్ళం. చీర గోచి పోసి కట్టుకునేదాన్ని. ఎడమకాలి కింద బ్రేకు. కుడికాలికి గేరు. చెవితో వినమనేవాడు, బండి అడిగినప్పుడే గేరు మార్చమనేవాడు. మొదట వెనక కూర్చుని నా భుజాలు పట్టుకున్నాడు. తర్వాత ఒక దినం, నాకు చెప్పకుండానే, దిగిపోయినాడు. నేనొక్కదాన్నే పోతున్నానని తెలిసేసరికి చెరువు నడుమ ఉన్నాను. భయపడాల్సింది. భయపడలేదు. ఊరు ఊరంతా తిరనాళ్ళకు పోయిన దినాల్లో పొద్దు ఎక్కేదాకా ఉండిపోతే ఎండమావులు లేచి చెరువు నిండా నీళ్ళు ఉన్నట్టే కనిపించేది. నేను దాని మీదికి పోయేదాన్ని. ఎంత పోతే అది అంత వెనక్కి జరిగేది. అందలేదని నాకేం దిగులు? పోవడమే కావాల్సింది నాకు.

ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు.

దస్తగిరి మా ఇంటాయన స్నేహితుడు. కడప రోడ్డు మీద చిన్న అంగడిలో డబ్బాలతో పెట్రోలు, కిరసనాయిలు అమ్మేవాడు. మా ఆయనను చూసి చూసి తానూ ఒక పాత మోటారు సైకిలు కొన్నాడు. అది వేరే దేశంది. దానికి అన్నీ తిరగబడి ఉండేవి, కుడికాలి కింద బ్రేకు, ఎడమకాలికి గేరు. మా ఆయన ఒకసారి దాన్ని తోలి వచ్చి, ఎడమచేత్తో అన్నం తిన్నట్టు ఉండాదని నవ్వినాడు. ఆ మాట నాకు గుర్తు లేదని చెప్పుకోవడానికి శానా తిప్పలు పడినాను. గుర్తుండింది.

ఎండాకాలంలో చెరువులో పందేలు జరిగేవి. కర్నూలు నుంచి, నంద్యాల నుంచి, ప్రొద్దుటూరు నుంచి బండ్లు ఉన్నోళ్ళు కొందరు వచ్చేవాళ్ళు. తూము కాడ బయలుదేరి, అవతల గట్టున ఉన్న రాళ్ళ కుప్పను చుట్టి, మళ్ళీ తూము కాడికి రావాల. గెలిచినాయనకు ఒక పూలదండ. అంతకు మించి ఏమీ లేదు. ఆ దండ కోసం వాళ్ళ కండ్లల్లో వెలుగు చూడాల నువ్వు.

ఒక ఏడు ఆ రాళ్ళ కుప్ప కాడ మలుపులో కర్నూలు నుంచి వచ్చిన పిల్లోడు ఒకడు జారి పడినాడు. కొత్తగా మీసం వస్తా ఉండింది. తల నేలకు కొట్టుకుంది. నేనే పరిగెత్తుకుని పోయి నోట్లో నీళ్ళు పోసినాను. పోసిన నీళ్ళు పోసినట్టే పెదవి పక్కన కారిపోయినాయి. ఆ సాయంత్రానికి పోయినాడు.

మరుసటి ఏడు పందెం నాటికి నేను కడుపుతో ఉన్నాను. బండి ఎక్కేది మానేసినాను. ఈ ఒక్కసారి పందెం వద్దని ఆయనను బతిమాలినాను. కసురుకోలేదు. నా తల నిమిరి, ఈ ఒక్కసారే అన్నాడు. నేను అడిగిన మాటే నాకు తిరిగి ఇచ్చినాడు.

పందేనికి ముందు దినం పొద్దున దస్తగిరి డబ్బా తెచ్చి తన చేత్తోనే బండి ట్యాంకులో పెట్రోలు పోసి పోయినాడు. మధ్యాన్నం అందరూ పండుకున్నారు. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. నేను కుండలో నుంచి చెంబుతో నీళ్ళు ముంచుకుని పశువుల కొట్టం కాడికి పోయినాను. బండి ఆడ నీడన ఉండింది. మూత తిప్పినాను. ఆ వాసన నాకెంత ఇష్టమో. సగం చెంబు పోసినాను. గుడుగుడుమంది. మూత బిగించి, మిగతా సగం నేను తాగినాను.

బండి ముందుకు పోకపోతే చాలు, ఆయన ఇంటికి వచ్చేస్తాడు అనుకున్నాను. కండ్ల ముందు ఆ కర్నూలు పిల్లోడే ఉండినాడు. అది భయమే. కానీ భయం ఒక్కటేనా? నేను ఎక్కలేని బండిని ఆయన ఎక్కుతున్నాడనే కడుపుమంట అందులో లేదా? ఈ ప్రశ్న వేసుకోవడానికే నాకు ముసలితనం రావాల్సి వచ్చింది. జవాబు ఇప్పటికీ రోజుకొకటి వస్తుంది.

మరుసటి దినం పొద్దున ఆడోళ్ళతో కలిసి చెరువు కట్ట మీద నిలబడినాను. బండి దగ్గుకుంటా తూము దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత తన్నినా లేవలేదు. ఆయన పైపు ఊడదీసి అరచేతిలో కొంచెం పెట్రోలు పట్టినాడు. అడుగున గుండ్రంగా నీటి బొట్లు నిలబడినాయి. నీళ్ళు, అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అందరూ దస్తగిరి వైపు చూసినారు.

నాకు ఎంత హాయి అనిపించిందో చెప్తే నువ్వు నన్ను అసహ్యించుకుంటావు. అయిపోయింది, ఇంక ఇంటికి పోతాము అనుకున్నాను.

దస్తగిరి మొగం నల్లగా అయిపోయింది. అంత మందిలో తన పెట్రోలు వల్ల స్నేహితుడి పందెం చెడిపోయిందని సిగ్గుపడినాడు. తాను పందెం మానుకుని, నా బండి తీసుకోన్నా అని తాళం చెవి చేతిలో పెట్టినాడు. మా ఆయన ఎక్కి కూర్చున్నాడు. ఎడమ కాలు కదిలించి చూసుకున్నాడు, కుడి కాలు కదిలించి చూసుకున్నాడు.

అప్పుడు నేను అరిచి ఉండొచ్చు. నీళ్ళు పోసింది నేనే, దిగిరా అని ఒక్క కేక. కట్ట మీద నుంచి వినపడుతుంది. అంతమంది మగవాళ్ళ ముందర పెండ్లాం చేసిన పనికి ఆయన నవ్వులపాలు అవుతాడని ఆగినానా? నా పరువు కోసం ఆగినానా? నోరు తెరిచినాను కూడా. గాలి వచ్చింది. మాట రాలేదు.

పోవడం మాత్రం ఎంత బాగా పోయినాడని. అందరికంటే ముందు. దుమ్ము వెనక బంగారు రంగులో తేలుతా ఉండింది. ఎండమావి అప్పుడే లేస్తావుంది; బండి చక్రాలు నేల మీద కాదు, నీళ్ళ మీద పోతున్నట్టే కనిపించింది. రాళ్ళ కుప్ప దగ్గర పడింది. అలవాటు చొప్పున ఎడమకాలు నొక్కినాడు. ఆ బండికి అక్కడ బ్రేకు లేదు. అంతదూరం నుంచి సప్పుడు నాకు ఆలస్యంగా వినపడింది. ముందు పడిపోవడం చూసినాను, తర్వాతే విన్నాను.

బతికినాడు. కడప పెద్దాసుపత్రిలో శానా దినాలు ఉన్నాడు. కుడి కాలు మోకాలి కింద నుజ్జు అయింది. అతికింది గానీ వంకరగా అతికింది. మళ్ళీ బండి ఎక్కలేదు.

ఆయన ఇంటికి వచ్చేసరికే ఊరు తీర్పు చెప్పేసింది. దస్తగిరి పెట్రోలులో నీళ్ళు కలుపుతాడు, కుళ్ళుకుని కావాలనే తన పాడు బండి ఇచ్చినాడు అని. మా మరుదులు అంగడి కాడికి పోయి డబ్బాలు రోడ్డు మీద పారబోసినారు. నేను ఇంట్లో రొట్టెలు తట్టుకుంటా ఉన్నాను.

ఒక మధ్యాన్నం దస్తగిరి మా వాకిట్లోకి వచ్చినాడు. మా ఆయన మంచం మీద గోడ వైపుకు తిరిగి పండుకున్నాడు, చూడనని. నేను తలుపు పట్టుకుని నిలబడినాను. దస్తగిరి చెప్పులు విడిచి గడప అవతలే నిలబడినాడు.

"వదినా, అన్న నా మొగం చూడనంటాండాడు. సరే. నువ్వు చెప్పు. నేను నీళ్ళు కలిపే మనిషినా?"

"నాకేం తెలుసు దస్తగిరీ."

"ఎవురు నమ్మకపోయినా నువ్వు నమ్ముతావనుకుంటి. అంగడికి ఎవురూ వచ్చేది లేదు. పిల్లోళ్ళను బడికాడ ఏమేమో అంటాండారు. ఒక్క మాట, నువ్వు అన్నకు చెప్తే వింటాడు."

"ఆడదాన్ని. బండ్లు, పెట్రోలు, ఇవన్నీ నాకేం తెలుస్తాయి?"

దస్తగిరి వెనక్కి తిరిగినాడు.

"అవున్లే వదినా. నిన్ను అడిగింది నాదే తప్పు."

చెప్పులు తొడుక్కుని పోయినాడు. కొన్నాళ్ళకు అంగడి మూసేసి, పెండ్లాం పిల్లలతో గుంతకల్లు పక్కకు పోయినాడని విన్నాను. లారీ తోలుతాండాడని ఒకరు చెప్పినారు. తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే తెలుస్తుందని భయం.

ఇంకొకటి ఉంది. అన్నిటికంటే అదే చెప్పడం కష్టం. ఆ తర్వాత నేను సుఖంగా బతికినాను. ఆయన ఇంట్లోనే ఉండినాడు. కొడుకును ఒళ్ళో వేసుకుని ఆడించినాడు, సేద్యం చూసుకున్నాడు, నాతో మెత్తగా ఉండినాడు. నేను కోరుకున్నది నాకు దొరికింది. దాని వెల వేరే ఇంటివాళ్ళు కట్టినారు. ఒక్కోసారి మధ్యాన్నం ఆయన నిద్రపోతావుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. నిద్రలో ఎడమకాలు గట్టిగా మంచాన్ని నొక్కేది. నేను చెయ్యి పెట్టి ఆ కాలును పట్టుకునేదాన్ని. మేలుకుని నన్ను చూసి నవ్వేవాడు. అప్పుడన్నా చెప్పొచ్చు కదా? ముప్పై ఏండ్లకు పైగా అట్లాంటి మధ్యాన్నాలు వస్తానే ఉండినాయి, నేను చెప్పలేదు.

ఎందుకు ఇప్పుడు చెప్తున్నానంటే, మొన్న మా కొడుకు తన పిల్లలకు వాళ్ళ తాత కథ చెప్తావుంటే విన్నాను. తాత ఎంత బాగా బండి తోలేవాడో, దస్తగిరి అని ఒక దొంగ స్నేహితుడు పెట్రోలులో నీళ్ళు కలిపి ఎట్ల మోసం చేసినాడో. వాడు అప్పటికి ఇంకా పుట్టనే లేదు. ఊరు చెప్పింది నమ్మినాడు. చిన్న మనమరాలు నన్ను అడిగింది, ఆ దస్తగిరి చెడ్డోడా అవ్వా అని. నేను పప్పు చెరుగుతా ఉన్నాను. చాట ఆపలేదు.

ఆ పాపకు చెప్పలేకపోయినాను. కొడుక్కు చెప్తానో లేదో కూడా తెలీదు. నువ్వు నన్ను క్షమిస్తావని రాయలేదు, ఆ హక్కు నీకు లేదు. ఆ హక్కు ఉన్న ఒక్క మనిషి యాడ ఉండాడో, అసలు ఉండాడో లేడో. కానీ ఇంతకాలానికి ఈ చేత్తో రాసినాను, కండ్ల ముందు ఉండాది. రొమ్ములో కొంచెం గాలి ఆడుతున్నట్టు ఉంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది.

దస్తగిరి అమ్మిన పెట్రోలు మంచిది.