బంగళాలో చొప్పవామి

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. మార్కాపురంలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను. పూనకం వచ్చిందని ఎవరినైనా నా ముందుకు తెస్తే, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా అని ముందు అడుగుతాను. ఇప్పటికీ అంతే. ఇది చదివి టీచరమ్మకు కూడా మతి పోయిందని మీరనుకుంటే నేనేమీ అనుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది త్రిపురాంతకం దగ్గర పల్లె. నాయన గొర్రెలు కాస్తాడు. ఇంటి పక్కన బర్రెల కొట్టం, వెనక దొడ్లో జొన్నచొప్ప వామి. నా తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు. పెద్దవాడు దోర్నాలలో హోటలు పెట్టుకుని భార్యాపిల్లలతో అక్కడే ఉంటాడు. చిన్నవాడు ఆటో తోలుతూ, భార్య మల్లేశ్వరి, చిన్నకూతురుతో కలిసి నాయన దగ్గర ఉండేవాడు.

మా అమ్మకు ఒక టీవీ సీరియలంటే ప్రాణం. అందరూ చూసేలాంటిదే. పెద్ద బంగళా, మేడమెట్లు, పట్టుచీర కట్టుకునే నిద్రపోయే ఆడవాళ్ళు. అందులో ఒక్కరి పేరు కూడా అమ్మ నోట వినలేదు. అత్త, పెద్దకోడలు, చిన్నకోడలు, ఆడబిడ్డ, అంతే. దారిన పోయేవాళ్ళనే వరసపెట్టి పిలిచే మనుషులం, రోజూ ఇంట్లోకి వచ్చేవాళ్ళను పేరుపెట్టి పిలుస్తామా?

ఆమె అభిప్రాయాలు వింటే ఆ సీరియల్ రాసినవాళ్ళు ఉద్యోగం మానుకునేవాళ్ళు. ఇంతమంది పొద్దస్తమానం కాఫీలు తాగుతారు గదా, ఇంట్లో ఒక్క బర్రె లేదు, పాలు యాడియి అని అడిగేది. పెద్దకోడలు మెట్ల మీద నూనె పోస్తే, చిన్నకోడలు జారిపడుతుందన్న బాధకన్నా మంచినూనె పాడైందన్న బాధే ఎక్కువ ఆమెకు. చిన్నకోడలు దిండులో మొహం పెట్టి ఏడుస్తుంటే, ఏడ్చింది చాలు, లేచి బర్రెలకు ఇంత చొప్ప వెయ్యి అనేది. బంగళా వెనక దొడ్డి, దొడ్లో వామి ఉండే ఉంటాయని, టీవీవాళ్ళు చూపించడం లేదని ఆమె గట్టి నమ్మకం. ఆ మాటకు మల్లేశ్వరి, నేను పడీపడీ నవ్వేవాళ్ళం.

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటేడు అమ్మ పోయింది. గుండె ఆగింది. మా వాళ్ళలో పూడ్చిపెట్టడమే ఆచారం కనుక మా చేని గట్టు మీదే పెట్టాం. నాయన రోజూ గొర్రెలు తోలుకుపోయే దారి అది.

అమ్మ ఉన్నన్నాళ్ళూ నాయన టీవీ వైపు కన్నెత్తి చూడలేదు. ఆడంగుల గోల అనేవాడు. అలాంటి మనిషి, పెద్దదినం దాటాక ఒక సాయంత్రం తనే మల్లేశ్వరిని అడిగి ఆ సీరియల్ పెట్టించుకున్నాడు. ఆ తర్వాత రోజూ చూశాడు. నేను సెలవుకు వెళ్ళినప్పుడు ఇదేం కొత్త అలవాటని ఎగతాళి చేశాను.

"సగంలో పోయింది గదమ్మా మీయమ్మ. తర్వాతేమైందో ఆమెకెవరు చెప్తారు?" అన్నాడు.

మర్నాడు పొద్దున నేనూ గొర్రెల వెంట వెళ్ళాను. నాయన గట్టు మీద కర్ర ఆనించుకుని నిలబడి, ముందురోజు చూసిందంతా వరసగా చెప్పాడు. అత్త ఏమన్నది, చిన్నకోడలు ఏం బదులిచ్చింది, మొగుడనేవాడు నోరు తెరవకుండా ఎట్ల నిలబడ్డాడు. ఆ మొగుడి మీద నాయనకు చాలా కోపం. గొర్రెపొట్టేలుకున్న రోషం లేదు వాడికి అన్నాడు. నేను తుమ్మచెట్టు పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఇందులో వింతేమీ లేదు. తోడు పోయిన మనిషి ఎవరైనా అట్లా మాట్లాడుకుంటారు.

వింత ఆ తర్వాత మొదలైంది. కొన్నాళ్ళకు నాయన అక్కడి నుంచి అమ్మ అభిప్రాయాలు మోసుకురావడం మొదలుపెట్టాడు. పెద్దకోడలు కడుపుతో లేదంట, గుడ్డలు చుట్టుకుందంట అని ఒకరోజు చెప్పాడు. అప్పటికి సీరియల్లో ఆమెకు సీమంతం జరుగుతోంది. మల్లేశ్వరి ఫోన్ చేసి నాతో చెప్పి నవ్వింది. కొంతకాలానికి సీరియల్లో ఆ గుడ్డలు నిజంగానే బయటపడ్డాయి. వదినా, మా అత్త గెలిచింది అని మళ్ళీ ఫోన్ చేసింది. నేను పట్టించుకోలేదు. దొంగకడుపు లేని సీరియల్ ఉందా? నాయన మనసులో అమ్మ గొంతు మిగిలిపోయింది, ఆ గొంతుతో తనే ఆలోచిస్తున్నాడు అనుకున్నాను. ఆయనకు అది ఊరటగా ఉంటే మనకేం నష్టమని మల్లేశ్వరితో అన్నాను.

ఆ అమ్మాయి గురించి ఒక మాట చెప్పాలి. అత్తలేని ఇల్లు ఒక్కచేత్తో మోసింది. నాయన పక్కన కూర్చుని, ఆయనకు అందని పట్నం మాటలు విడమరిచి చెప్పేది. కోర్టు నోటీసంటే ఏంది, డీఎన్ఏ అంటే ఏంది అని ఆయన అడుగుతుంటే, కథ ముందుకు పోతున్నా విసుక్కోకుండా చెప్పేది. నా కడుపున పుట్టిన పిల్ల కూడా అంత ఓపిగ్గా చెప్పదు.

దసరా సెలవులకు వెళ్ళాను. ఒక సాయంత్రం నాయన గొర్రెలు దొడ్లోకి తోలి, కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు.

"మీయమ్మ ఊరుకోడంలేదు. చిన్నకోడల్ని వామి కాడికి పోనియ్యొద్దంటా ఉంది."

మల్లేశ్వరి, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వు ఆగలేదు. పోయినా కూడా మా అమ్మ ఆ బంగళా వెనక వామి వెయ్యడం మానలేదు. పైగా ఆ వారం సీరియల్లో చిన్నకోడలు ఇంట్లోనే లేదు. అత్త గెంటేస్తే హైదరాబాదు పోయి హాస్టల్లో ఉంటోంది.

"హాస్టల్లో వామి యాడుంటది మామా?" అంది మల్లేశ్వరి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

నాయన కూడా నవ్వాడు. నాకేం తెలుసు, ఆమె అన్నది చెప్తున్నా అన్నాడు. మర్నాడు మళ్ళీ అదే మాట తెచ్చాడు. ఈసారి అమ్మ కోపంగా చెప్పిందన్నాడు. ఇంతకూ ఆ కథలో తరవాత ఏమవుతుందో అని మేం ముగ్గురం కూర్చుని చర్చించుకున్నాం. చిన్నకోడలు తిరిగి ఇంటికొస్తుందని, పెద్దకోడలు ఎక్కడో నిప్పంటిస్తుందని నేను చెప్పాను. సీరియల్ గురించి అంత తెలివిగా ఆలోచించాను. మా అమ్మకు ఇంకొక చిన్నకోడలు ఉందని, ఆమె నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోందని నాకు తట్టలేదు.

కార్తీకమాసం వచ్చింది. శ్రీశైలం పోయే జనం ఎక్కువై చిన్న తమ్ముడు ఆటోతో దోర్నాలలోనే ఉండిపోయాడు. చొప్ప పీకి బర్రెలకు వెయ్యడం మామూలుగా వాడి పని. ఆరోజు పొద్దుగూకేవేళ మల్లేశ్వరి వెళ్ళింది. వామి అడుగుకు వచ్చేసింది, వానలకు కింద చొప్ప మాగి ఉంది. లోపల చెయ్యి పెట్టి లాగింది. చొప్ప మోడు గీసుకుందని నాయనతో అని, చెయ్యి కడుక్కుని, పొయ్యి మీద అన్నం దించి, ఆయన పక్కన సీరియల్కు కూర్చుంది.

మిగతాది నాయన చెప్పినదే. కాసేపటికి ఆమె కళ్ళు మూతలు పడ్డాయి. అలిసిపోయిందనుకున్నాడు. ఆమె టీవీ వైపు చూసి, "మామా, బొమ్మలు రెండు రెండు కనపడుతున్నాయి" అంది. నాయన టీవీ చెడిపోయిందనుకున్నాడు. లేచి వెనక్కి పోయి తీగలు కదిలించాడు. ఇప్పుడెట్ల ఉందమ్మా, ఇప్పుడెట్ల ఉంది అని అక్కడి నుంచే అడిగాడు. బదులు రాకపోయేసరికి ఇవతలికి వచ్చి చూశాడు.

ఊళ్ళోవాళ్ళు కారు మాట్లాడి మార్కాపురం తెచ్చారు. నేను ఆసుపత్రికి పరుగెత్తేసరికి ఆమె ఊపిరి ఆగిపోయింది. కట్లపాము అన్నారు. కాటు కూడా సరిగ్గా కనబడదు దానిది. బొమ్మ రెండుగా కనబడటం, రెప్పలు వాలిపోవడం దాని విషానికి గుర్తులని నేను తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పే మనిషినే. ఆ పిల్లను అమ్మ పక్కనే గట్టు మీద పెట్టాం. కూతురు పలకబలపం పట్టుకుని అమ్మ ఏదని అందరినీ అడిగింది.

టీవీ మీద దుప్పటి కప్పారు. చుట్టాలందరూ వెళ్ళాక నేను ఆయన పక్కన కూర్చుని, ఆ మాట అమ్మ ఎట్లా చెప్పింది, చెవికి వినపడిందా, కలలో వచ్చిందా అని అడిగాను. పాఠం అడిగినట్టే అడిగాను. నాకు వేరే పద్ధతి తెలియదు.

ఆయన దుప్పటి కప్పిన టీవీ వైపు చూశాడు.

"నేను సీరియల్ చెప్తా ఉన్నానమ్మా. ఆమె మనిల్లు చెప్తా ఉండింది."

 

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. నాయన ముందే ఎప్పుడో వామి దగ్గర పామును చూసి, మరిచిపోయి, ఆ భయం అమ్మ మాటగా బయటికి వచ్చిందేమో. అడిగితే, చూసుంటే కర్రతో అక్కడే కొట్టి ఉందును గదా అన్నాడు. నిజమే, పామును చూసి వదిలే మనిషి కాదు. కాకతాళీయం అనుకుందామంటే, అది అమ్మ కోపంగా చెప్పిందని ఆయన రెండోరోజు ఎందుకన్నాడు? ఏ కారణమూ నాకు పూర్తిగా అతకలేదు. ఇప్పటికీ అతకదు.

తమ్ముడు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పిల్లను నాయన పెంచుతున్నాడు. ఆ సీరియల్ చాలాకాలం నడిచింది, ఎట్ల అయిపోయిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాయన పొద్దున్నే గట్టు దగ్గర ఆగడం మాత్రం మానలేదు. చెప్పడానికి ఏముంది నాయనా అంటే, మల్లికి బిడ్డ సంగతులు చెప్పొద్దా అంటాడు. ఏం తిన్నది, బళ్ళో ఏం నేర్చుకుంది, ఎవరితో పోట్లాడింది.

నేను దయ్యాలను నమ్మను. కానీ రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే ఊరికి ఫోన్ చేస్తాను. బర్రెలు, గొర్రెలు, వానలు అన్నీ అడిగి, చివరికి, "అమ్మ ఏమన్నా అన్నదా నాయనా?" అంటాను.

ఏమనలేదమ్మా అంటాడు.

ఆ మాట వినేదాకా నాకు అన్నం సయించదు.