నీరు తీసిన మాత్ర

మా మేనత్త పోయిందని మొన్న శనివారం ముత్తుకూరు బస్సు కండక్టరు కబురు తెచ్చాడు. బడి వదిలేసి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికే మట్టి చేసేశారు.

మీకు ఆమె తెలియదు. రేవులో చేపలకు ఉప్పు పట్టించి ఎండబెట్టే మనిషి. తల్లి లేని నన్ను చదివించింది ఆ ఎండుచేపలే. నోరు మాత్రం పెద్దది. నాకు మాస్టరు ఉద్యోగం వచ్చిన రోజున, "పిలకాయల్ని కొట్టబాకు, నువ్వు తిన్న దెబ్బలు నాకు గుర్తుండాయి" అని నలుగురిలో అనేసింది.

రెండేళ్ళ కిందట ఆమెకు కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడేది కాదు. గుండె బాగా అలిసిపోయిందన్నారు నెల్లూరు డాక్టరుగారు. అందుకే ఒంట్లో నీరు చేరిందట. మునుపు సూదులతో తీసే ఆ నీటిని ఇప్పుడు మాత్రతోనే తీయొచ్చట. ఉప్పు మానమన్నారు, నీళ్ళు తగ్గించమన్నారు. "ఈ మాత్ర నీటితోపాటు గుండెకు కావలసిన, ఉప్పు కాని మరో లవణాన్నీ లాగేస్తుంది. రోజూ కొబ్బరినీళ్ళు, అరటిపండు ఇవ్వండి" అని నాకే చెప్పారు.

అత్త ఒప్పుకుంటేనా? "ఒకపక్క నీళ్ళు తోడతా, ఇంకోపక్క పడవలోకి నీళ్ళు పోసేవోణ్ణి యాడన్నా చూసినావా నాయనా?" అంది. పడవల ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకూ సబబే అనిపించింది. "సరే, కొబ్బరి బోండాలు వద్దులే అత్తా" అన్నాను. చదువుకున్నవాణ్ణి, నేనే అన్నాను. అరటిపండు జలుబు చేస్తుందని ఆమే మానేసింది.

వాపు తగ్గింది. చప్పిడి కూడు తిట్టుకుంటూ తింటూనే మళ్ళీ ఇసుకలో నడిచింది. అందరం సంబరపడ్డాం. ఆ తర్వాత కాళ్ళలో సత్తువ పోయింది, గుండె తప్పుతూ కొట్టుకోసాగింది. ఏం పెడుతున్నారని డాక్టరుగారు అడిగితే, కొబ్బరినీళ్ళు, అరటిపండు ఇవ్వడం లేదని చెప్పాను. లవణాన్ని మందుగా ఇచ్చి చూశారు. అప్పటికే ఆలస్యమైంది. మాత్ర ఆపితే నీరు ముంచుతుంది, వేస్తే గుండె లయ తప్పుతుంది. "ఇక నెలల మాటే" అని నన్ను బయటికి పిలిచి చెప్పారు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

పోవడానికి ఆరు రోజుల ముందు చూశాను. మంచం మీద కాలు చాపి, "నొక్కి చూడు నాయనా" అంది. బొటనవేలితో నొక్కాను. సొట్ట పడలేదు, ఎముకే తగిలింది.

"చూసినావా, చుక్క నీరు లేదు. తగ్గిపోయినట్టేగా?"

"తగ్గిపోయింది అత్తా" అన్నాను. వేలు తీయడానికి మనసొప్పక, ఆ కాలు పట్టుకుని అలాగే కూర్చున్నాను.