మా మేనత్తగారు పాతిపెట్టిన డొప్పలు

"అక్క పోయిందిరా" అని పోయిన వారం నాన్న ఫోన్ చేసేసరికి, నేను రాజోలు అవతల మా రేవులో పాత బ్యాటరీ పగలగొడుతున్నాను. వలలకి బరువుగా కట్టే గుళ్ళు పోసుకోవడానికి అందులోని సీసం పనికొస్తుంది. కడిగిన నీళ్ళు కాలవలోకే పోతాయి. ఫోన్ పెట్టేసి చేతులు కడుక్కున్నాను, అదే కాలవలో.

మా మేనత్తగారు అమలాపురం కాలేజీలో జువాలజీ చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక మా ఇంట్లోనే ఉన్నారు. చదువబ్బని నాకు రొయ్య పిల్లని అరచేతిలో పెట్టి, అది బతికే తీరు ఓపిగ్గా చెప్పింది ఆవిడే. మండపీతల కూర ముందు కూర్చుంటే మాత్రం ఎవరినీ లెక్కచేసేవారు కాదు. "నన్ను మాట్లాడించకండర్రా, చల్లారిపోతుంది" అనేవారు.

అంత ఇష్టంగా తినే మనిషి ఒకరోజు కంచం పక్కకి జరిపేశారు.

"పీత నెత్తురుకి రాగి కావాలిరా అబ్బాయ్. నీ సీసం దానికెందుకు చెప్పు? బురదతోపాటు తినేస్తుంది. పొట్టలో ఆ పచ్చటి ముద్ద ఉందే, అందులో దాచుకుంటుంది. డొప్పలోకీ ఎక్కుతుంది. ఎక్కువైతే పాత డొప్ప సరిగ్గా విడవలేదు, పిల్లలూ బతకవు."

"ఆయ్, రేపట్నుంచి మానేస్తానండి అత్తయ్యగారూ" అన్నాను. మళ్ళీ అడిగినప్పుడూ అదే అన్నాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మేం తిన్నాక డొప్పలన్నీ ఏరి, పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టేవారు. "మీరు తెలిసి తింటున్నారు. కాకి ఏం పాపం చేసిందిరా?" అనేవారు.

చిన్నకార్యం నాడు పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి కాకికి పెడతాం కదండీ. "అక్కకి పీతలంటే ప్రాణం" అని నాన్న ఏడ్చారు. ఆవిడ మానేసిన సంగతి ఆయనకి గుర్తే రాలేదు. వద్దని నేను చెప్పాలి. ఎందుకు వద్దో చెప్పాలంటే బంధువులందరి ముందు నా రేవు సంగతి ఎత్తాలి. పైగా ఆ పీతలు పట్టుకొచ్చిందీ నేనే, ఆ కాలవలోంచే. ఛీ, రాస్తుంటేనే తల ఎత్తుకోలేకపోతున్నాను.

విస్తరి గోడ మీద పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకి రాకూడదని దండం పెట్టుకున్నది నేనొక్కణ్ణే. అది వెంటనే వచ్చింది. గారె వదిలేసి, అన్నం వదిలేసి, పచ్చటి ముద్ద అంటుకున్న డొప్పని కరుచుకుంది.

"చూసేరా, అక్క సంతోషించింది" అని నాన్న కళ్ళు తుడుచుకున్నారు.

కాకి ఆవిడ డొప్పలు పాతిన చోటు మీదుగా ఎగిరి, కొబ్బరిమట్ట మీద వాలి, ఆ డొప్పని కాలికింద అదిమిపెట్టి తీరిగ్గా పొడుచుకు తింది.