కొనమన్నది నేనే

మా అన్నయ్యకు తెలుగు చదవడం రాదు. మాట్లాడతాడు, తిడతాడు, నిద్రలో పలవరించేది కూడా తెలుగులోనే అని వదిన చెబుతుంది. అక్షరాలు మాత్రం రావు. తనను హిందీ బడిలో వేశారు. నన్ను మావాళ్లు చందాలు వేసుకుని నడుపుకున్న చిన్న తెలుగు బడిలో వేశారు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. ఇన్నేళ్లుగా గుండెల మీద మోస్తున్న ఈ బరువును ఎక్కడో ఒకచోట దించాలి. దించిన చోట తన కన్ను పడకూడదు. పిరికితనం అంటారా? అనండి. పిరికిదాన్నే.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు కాస్త ధైర్యం. మీరు మా ఇంటికి వచ్చి మా వదిన చేతి టీ తాగరు. మా అన్నయ్య ముఖం చూస్తూ "మీ చెల్లెలు ఇలా చేసిందట" అనరు. ఈ మాట ఎవరో ఒకరు అనేస్తారని నేను భయపడని రోజు లేదు. నాకు తప్ప ఎవరికీ తెలియని సంగతి ఎవరు అనగలరు? అయినా భయం. భయానికి లెక్కాజమా ఉండదు కదా.

మాది కలకత్తా ఓడరేవు పక్కనున్న ఖిదిర్‌పూర్. అయ్య శ్రీకాకుళం నుంచి కుర్రతనంలోనే వచ్చి రేవులో కూలీగా చేరాడు. ఆయనకు ఒకటే పంతం, కొడుకు రేవు గేటు దాటి లోపలికి వెళ్లకూడదని. చొక్కా విప్పి ఒంటి మీది మచ్చలు చూపించి, "ఈటిని సూడు. నీకొద్దురా ఈ పని" అనేవాడు. అన్నయ్యకు భవానీపూర్‌లో ఒక సైబర్ కఫేలో ఉద్యోగం దొరికిన రోజున ఇలిష్ చేప, మన పులసే, కొనుక్కొచ్చాడు. మా ఇంట్లో ఇలిష్ వండటం అదే మొదటిసారి. అమ్మకు పులుసు పెట్టడం రాక పక్కింటి బెంగాలీ ఆవిడను పిలిచింది. ముళ్లు గొంతులో గుచ్చుకుంటున్నా అయ్య నవ్వుతూనే తిన్నాడు.

కఫే యజమానిని అందరూ శ్యామల్‌దా అనేవారు. మంచి మనిషి. పేరుకు ఇంటర్నెట్ దుకాణమే గానీ, దాన్ని నడిపింది ఒక ఆట. చెట్లు కొట్టి, బంగారం తవ్వి, ఊరు కట్టి, సైన్యం పెంచి పక్కవాడి ఊరి మీద పడే యుద్ధాల ఆట. దాని పేరు చెప్పను. కంప్యూటర్లన్నిటినీ తీగలతో కలిపి, ఒకేసారి పదిమంది ఒకరి మీద ఒకరు ఆడేవారు. బంద్ రోజున కలకత్తా మొత్తం తలుపులు వేసుకుంటే, ఈ కఫేలో సగం దించిన షట్టర్ కింద నుంచి కుర్రాళ్లు వంగి దూరేవారు. లోపల ఊపిరాడనంత మంది.

ఆ కుర్రాళ్లకు మా అన్నయ్య గురువు. నిజంగానే "గురు" అని పిలిచేవారు. ఎవరూ ఊహించని ఎత్తు వేస్తాడని పేరు.

ఆ ఎత్తులు నావి.

పారేయబోయిన కంప్యూటర్ ఒకటి అన్నయ్య ఇంటికి తెచ్చి బాగుచేశాడు. బియ్యం డబ్బా పక్కన బల్ల మీద ఉండేది. మధ్యాహ్నం అమ్మ వంటపనికి వెళ్లగానే నేను దాని ముందు చేరేదాన్ని. ఆడి ఆడి, ఆ ఆట లోపల ఏముందో కనిపెట్టేశాను. ఎదుటివాడు ముందు నుంచి వస్తుంటే గోడ దగ్గర నలుగురు సైనికుల్ని మాత్రమే ఉంచి, కట్టెలు కొట్టేవాళ్లను చుట్టూ తిప్పి పంపి, వాడి ఊరి వెనకాలే మన సైనికులు తయారయ్యే బారకాసు కట్టడం లాంటివి. రాత్రి భోజనాల దగ్గర కంచంలోనే చూపించేదాన్ని. పప్పు నది, అన్నం ముద్ద కోట, మిరపకాయ ముక్కలు సైన్యం. అన్నయ్య చెయ్యి ఎండిపోయేదాకా చూసేవాడు. "ఓలమ్మా, నీది బుర్ర కాదే, పాదరసమే" అనేవాడు. మర్నాడు వెళ్లి గెలిచి వచ్చేవాడు. నాకు అదే చాలు అనుకునేదాన్ని. చాలదని తర్వాత తెలిసింది.

ఒకరోజు అన్నయ్య టిఫిన్ క్యారియర్ మరిచిపోయి వెళ్లాడు. నేను పట్టుకుని బస్సెక్కి కఫేకు వెళ్లాను. లోపల అన్నయ్య చుట్టూ కుర్రాళ్లు. వెనకాల బారకాసు కట్టే ఎత్తు అన్నయ్య వాళ్లకు వివరిస్తున్నాడు. నా మాటలే, నేను చెప్పిన వరసలోనే. నేను గుమ్మంలో నిలబడి లోలోపల మురిసిపోతున్నాను. ఎవడో తలతిప్పి "ఎ కే, గురు?" అన్నాడు. ఎవరీమె అని.

"ఆమార్ బోన్. కంప్యూటర్ ఖులతేఓ జానే నా," అన్నాడు మా అన్నయ్య. నా చెల్లెలు, కంప్యూటర్ తెరవడం కూడా రాదు అని. అందరూ నవ్వారు. తను కూడా నవ్వాడు. నేను క్యారియర్ బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఒళ్లు మండిపోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ముందు సీటు రెక్సిన్ గోళ్లతో గీకుతూనే ఉన్నాను.

ఇంత చిన్న సంగతికా అంటారేమో. ఇంత చిన్న సంగతికే.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆ ఆటకు రెండో భాగం వచ్చింది. కుర్రాళ్లంతా ఒకటే గోల. పక్క వీధి కఫేవాడు తెస్తున్నాడట, మనం ఎప్పుడు తెస్తాం అని. శ్యామల్‌దాకు భయం పట్టుకుంది. ఉన్న మిషన్లన్నిటికీ తెర మీద బొమ్మ నడిపే కొత్త కార్డులు వెయ్యాలి, ఆట కొనాలి. అప్పు చేస్తే తప్ప తన చేత అయ్యే ఖర్చు కాదు. కొనాలా వద్దా నువ్వే చెప్పు అని భారం అన్నయ్య మీద పెట్టాడు. ఒక పత్రికతోపాటు నమూనా డిస్కు ఇచ్చారు, అందులో రెండో భాగంలోని ఒక ముక్క ఆడి చూసుకోవచ్చు. దాన్ని అన్నయ్య తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆడాను. మా పాత మిషన్‌కు శ్యామల్‌దా నమూనాగా తెప్పించిన కొత్త కార్డు బిగించి మరీ ఇచ్చాడు అన్నయ్య. ఎంత అందంగా ఉందని! నీళ్లలో చెట్ల నీడలు కదిలాయి. కొండను చుట్టూ తిప్పి వెనక నుంచి చూడొచ్చు. శత్రువుకు తెలివి పెరిగింది. ఒక్కరే ఇంట్లో కూర్చుని ఆడుకునేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? కానీ సైన్యం నలభై యాభై మంది దాటగానే బొమ్మ ఆగి ఆగి నడిచింది. ఇంకా పెంచితే బిగుసుకుపోయింది. మళ్లీ మళ్లీ చూశాను. ఊరి చుట్టూ గోడ కట్టే ఏర్పాటే తీసేశారు. గోడ లేకపోతే మా కుర్రాళ్లు ఆడేదేముంది? పదిమంది కలిసి ఆడే చోట ఇది పనికిరాదు, ఆ మిషన్ల మీద అసలే నడవదు. నాకు స్పష్టంగా తెలుసు. అనుమానం కాదు, తెలుసు.

అన్నయ్య ఇంటికి వచ్చీ రాగానే, చెప్పులు కూడా విప్పకుండా అడిగాడు.

"ఏటే సిన్నీ, ఎలాగుంది?"

"బాగుంది."

"మన మిషన్ల మీద నడుస్తాదా? పదిమందీ ఒక్కపాలే ఆడితే?"

"నడుస్తాది."

"మరి శ్యామల్‌దాకి నానేటి సెప్పాల? కొనమనాలా, వొద్దనాలా?"

"కొనమను."

"నువ్వు సెప్తే సాలు," అన్నాడు.

ఎందుకన్నాను? ఇన్నేళ్లలో ఈ ప్రశ్నను ఎన్నిసార్లు తిరగేశానో. కంప్యూటర్ తెరవడం రాదన్నావు కదా, అయితే రానిదాని మాట విని చూడు అన్న కసా? కొంటే ఒక కాపీ ఇంటికి తెస్తాడు, ఆ కొండలూ నీడలూ నేను చూసుకోవచ్చన్న ఆశా? ఒక్కోసారి కసే అనిపిస్తుంది. ఒక్కోసారి ఆశే అనిపిస్తుంది, అప్పుడు కాస్త ఊపిరి తీసుకుంటాను, ఆశపడటం కసికన్నా చిన్న తప్పు కదా అని. మళ్లీ నాకే సిగ్గేస్తుంది. తప్పుల్లో చిన్నదాన్ని ఏరుకోవడం ఏమిటి, బజార్లో వంకాయలు ఏరినట్టు.

అయినా ఆ ఒక్క మాటే నా తప్పయితే నేను ఇంత భయపడేదాన్ని కాను. నోరు జారిందని సర్దుకునేదాన్ని. డబ్బు కట్టడానికి ఇంకా వారం ఉంది. ఆ వారమంతా శ్యామల్‌దా అన్నయ్యను అడుగుతూనే ఉన్నాడు, అన్నయ్య నిక్కచ్చిగా చెబుతూనే ఉన్నాడు. నేను మర్నాడే చెప్పేద్దామనుకున్నాను. నన్ను ఇంకొక్కసారి అడగనీ, కొంచెం బతిమాలనీ అని ఆగాను. తను అడగలేదు. నా మాట మీద అంత నమ్మకం. ఆ తర్వాత ఒక సాయంత్రం ఎగురుకుంటూ వచ్చాడు. ఇది బాగా నడిస్తే కఫే మొత్తం నీ చేతుల్లో పెడతానని శ్యామల్‌దా అన్నాడట. అయ్య దేవుడి పటం ముందు దీపం పెట్టాడు. అప్పటి నుంచి నా నోరు పడిపోయింది. చెబితే నా కుళ్లు బయటపడుతుంది. చెప్పకపోతే? ఏమో, నడిచినా నడవొచ్చు. తేలు కుట్టిన దొంగలా మూల కూర్చున్నాను. అమ్మ జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూసింది.

మొదటి రోజునే అయిపోయింది. షట్టర్ మీద పెద్ద బ్యానర్ కట్టారట, కుర్రాళ్లు బయటదాకా నిలబడ్డారట. పది సైన్యాలు ఎదురెదురు పడగానే పది తెరలూ ఒక్కసారి బిగుసుకుపోయాయి. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ అంతే. గోడలేవి అని కేకలు. వారం తిరక్కుండా అందరూ పక్క వీధికి పోయారు. ఆ కఫేవాడు రెండో భాగం తేనే లేదు, పాత ఆటే చక్కగా నడుపుకుంటున్నాడు. శ్యామల్‌దా కొత్త కార్డులు తీసేసి పాతవి వేసినా పోయినవాళ్లు తిరిగి రాలేదు. దసరా పూజలకు ముందే షట్టర్ దిగిపోయింది.

"తుయి తో బోలేఛిలి," అన్నాడట శ్యామల్‌దా. నువ్వే కదా చెప్పావు అని. అందరి ముందూ.

అన్నయ్య నా పేరు చెప్పలేదు.

నన్ను కాపాడటానికా? ఆడపిల్ల మాట విన్నానని చెప్పుకోలేకా? నాకు తెలియదు. ఏ పేరు చెప్పలేదని నేను కడుపు మండించుకున్నానో, ఆ పేరే తను చెప్పకపోబట్టి బతికిపోయాను. ఇంటికి వచ్చి మాత్రం నన్నొక మాట అంటాడని తలుపు వెనక నిలబడ్డాను. తను స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాడు. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, ఈ పాటికి నేను మరిచిపోయేదాన్నేమో.

తర్వాతది మీరు ఊహించే ఉంటారు. గురువు మాట వింటే దుకాణం మూతే అని పేరు పడింది. ఏ కఫే తలుపూ తెరుచుకోలేదు. అయ్యకు ఆయాసం ముదిరింది. అన్నయ్య రేవులో చేరాడు. చేరిన రోజు అయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు, అన్నం ముట్టలేదు. నాకు రేవు సైరన్ కూత అంటే భయం పట్టుకున్నది అప్పటినుంచే. కూత వేళ కాని వేళ వినబడితే చాలు, ప్రమాదమేమోనని చేతిలో ఉన్నది జారిపోయేది. రెండేళ్లకు నిజంగానే మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. క్రేన్ గొలుసు తెగి ఇనపగొట్టాల కట్ట అన్నయ్య కుడి భుజం మీద పడింది. ప్రాణం దక్కింది. చెయ్యి మాత్రం ఛాతీ దాటి పైకి లేవదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను మొక్కుకున్నదేమిటో తెలుసా? బతికించు స్వామీ అని ఒకసారి, మత్తులో నా పేరు పలకనివ్వకు అని ఒకసారి. ఇది కూడా రాసేశాను చూడండి.

ఆ రేవు కూలి డబ్బుతోనే నేను కంప్యూటర్ కోర్సు చదివాను. ఇప్పుడు సాల్ట్ లేక్‌లో ఉద్యోగం. ఏం ఉద్యోగమంటారు? ఎవరో తయారుచేసినదాన్ని నడిపి చూసి, పనికొస్తుందో లేదో చెప్పే ఉద్యోగం. మా పెద్దసారు నా మాట రాయి మీద గీత అంటాడు. నేను తలవంచుకుంటాను, అణకువ అనుకుంటారు.

పోయిన ఆదివారం అన్నయ్య ఇంట్లో భోజనం. మా మేనకోడలు కాలేజీలో చదువుతోంది. యుద్ధాల ఆటలంటే దానికి ప్రాణం. ఏ ఆటకో కొత్త భాగం వచ్చిందట, కొనాలా వద్దా అని తండ్రిని అడుగుతోంది. అన్నయ్య కంచంలోకి వంగి తింటున్నాడు. చెయ్యి పైకి లేవదు కనుక నోటినే ముద్ద దగ్గరికి దించుకుంటాడు.

"నన్నడుగుతావేటే? మీ అత్తనడుగు," అన్నాడు. "నాకు నేర్పింది అదే. కఫేలో నాను గెలిసినయన్నీ దాని ఎత్తులే. అది సెప్తే సాలు."

అందరి ముందూ అన్నాడు. వదిన, పిల్ల, పక్కింటివాళ్లు, అందరూ ఉన్నారు. ఒకప్పుడు ఈ మాట కోసమే చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు కలిపిన ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాను. ప్రేమగా అన్నాడా? తెలిసి అన్నాడా? ఇన్నేళ్లూ తెలిసే ఊరుకున్నాడా? ముఖం చూద్దామంటే కంచంలోకి వంగి ఉంది. తల మీద నెరిసిన జుట్టు తప్ప ఏమీ కనబడలేదు.

"చెప్పు అత్తా, కొనమంటావా?" అంది మేనకోడలు.

"ఆడి చూసి చెప్తాలే," అన్నాను.

"అవును, ఆడి సూసే సెప్పు," అన్నాడు అన్నయ్య, తల ఎత్తకుండానే.

ఆ రోజు కూడా ఆడి చూశాను అన్నయ్యా. నడవదని నాకు తెలుసు. తెలిసే కొనమన్నాను.